133 మెట్లు, ఒక పియానో, మా నాయన

పోయిన నెల మన క్లబ్ సినిమా సాయంత్రానికి ఏం వేద్దాం అన్నప్పుడు నేను ‘ద మ్యూజిక్ బాక్స్’ అన్నాను. 1932 సినిమా, నలుపు తెలుపు, అరగంట నిడివి, లారెల్ అండ్ హార్డీ. గ్రూపులో రెండు నవ్వు బొమ్మలు, ఒక ‘ఓకే’ వచ్చాయి. సినిమా పేరు చెప్పినవాడే దాని గురించి పది నిమిషాలు మాట్లాడాలి అన్నది మన రూలు కదా, అట్లా ఇరుక్కున్నాను. ఆరోజు మాట్లాడింది కొంత, మాట్లాడలేకపోయింది చాలా. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నా.

కథ ముందే చెప్పేస్తే చెడిపోయే సినిమా కాదు ఇది, కాబట్టి ధైర్యంగా చెప్తాను. ఒక ప్రొఫెసరు గారి భార్య ఆయన పుట్టినరోజుకి చెప్పకుండా ఒక ప్లేయర్ పియానో కొంటుంది. ప్లేయర్ పియానో అంటే మనిషి వాయించక్కర్లేదు, కాగితం చుట్ట తిరుగుతూ అదే వాయించుకుంటుంది. దాన్ని ఇంటికి చేర్చే పని లారెల్, హార్డీల కంపెనీకి వస్తుంది. కంపెనీ అంటే ఒక బండి, ఒక గుర్రం, వీళ్లిద్దరు. బోర్డు మీద ‘ఫౌండెడ్’ అని ఉండాల్సిన చోట ‘ఫౌండర్డ్’ అని ఉంటుంది. ఒకటి స్థాపించినది, రెండోది మునిగిపోయినది. రెండక్షరాల తేడాతో వాళ్ల జాతకం మొత్తం అక్కడే రాసేశారు. దారిలో ఒక పోస్ట్‌మేన్‌ని ఇల్లు ఎక్కడ అని అడుగుతారు. ఆయన పైకి చూపిస్తాడు. మెట్లు. ఎన్ని మెట్లు అంటే 133.

అంతే కథ. చెక్కపెట్టెలో పియానోని ఆ మెట్ల మీద ఎక్కించాలి. ఎక్కిస్తారు, జారిపోతుంది. బిడ్డను తోపుడుబండిలో వేసుకుని ఒక ఆయమ్మ దిగుతుంది, దారి ఇవ్వబోతే పెట్టె జారిపోతుంది. పోలీసు పిలుస్తాడు, జారిపోతుంది. పేరు చివర ఇంటి గోడంత పొడుగు డిగ్రీలున్న ఒక పెద్దమనిషి ఎదురొచ్చి, పక్కనుంచి పోవడం నా పరువుకి తక్కువ అంటాడు. ఆయన టోపీ కింద వీధిలో పడి బండి కింద నలిగిపోతుంది. చివరికి పైకి చేరతారు. చెమట తుడుచుకుంటుంటే పొద్దున దారి చెప్పిన అదే పోస్ట్‌మేన్ వచ్చి, అదిగో ఆ రోడ్డు మీద బండి నేరుగా పైకి వస్తుంది కదా, మోసుకుని ఎందుకొచ్చారు అంటాడు. అప్పుడు వీళ్లిద్దరు ఏం చేస్తారో ఊహించండి. పియానోని మళ్లీ మెట్ల మీదుగా కిందికి దించి, బండికెక్కించి, రోడ్డు మీదుగా పైకి తెస్తారు.

నేను ఈ సినిమా మొదటిసారి హాస్టల్లో రాత్రి పన్నెండింటికి చూశాను. ఇక్కడికి వచ్చేసరికి నోట్లో నీళ్లు కీబోర్డు మీద పడ్డాయి.

కొంచెం చరిత్ర. దర్శకుడు జేమ్స్ పారట్, నిర్మాత హాల్ రోచ్. 1932 ఏప్రిల్ 16న విడుదలైంది. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, హెచ్.ఎం. రెడ్డి గారిది, అదే సంవత్సరం ఫిబ్రవరిలో వచ్చింది. అంటే మనవాళ్లు తెర మీద మొదటిసారి తెలుగులో నోరు తెరిచిన రెండు నెలలకి అక్కడ వీళ్లు పియానో మోస్తున్నారు. లఘుచిత్రాల్లో హాస్యానికి ఆస్కార్ ఇవ్వడం ఆ ఏడాదే మొదలైంది, ఆ మొదటిది దీనికే వచ్చింది. 1997లో అమెరికా వాళ్లు భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో దీన్ని చేర్చుకున్నారు. ఆ మెట్లు ఇప్పటికీ లాస్ ఏంజెలెస్ సిల్వర్ లేక్ ప్రాంతంలో, వెండోమ్ స్ట్రీట్ పక్కన ఉన్నాయి. వీళ్లు ఇవే మెట్ల మీద 1927లో ‘హ్యాట్స్ ఆఫ్’ అనే మూకీ తీశారు. అందులో మోసింది బట్టలుతికే మిషను. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా దొరకడం లేదు.

సన్నగా ఉండేవాడు స్టాన్ లారెల్, ఇంగ్లండు మనిషి, 1890లో పుట్టాడు. అమెరికా వచ్చిన కొత్తల్లో ఒకే నాటక బృందంలో చాప్లిన్‌కి బదులు మనిషిగా ఉండేవాడు. లావుగా ఉండేవాడు ఆలివర్ హార్డీ, జార్జియా రాష్ట్రం, 1892. తెర మీద లావాయన తెలివైనవాడిలా ఆజ్ఞలిస్తాడు, సన్నాయన తల గోక్కుంటాడు. తెర వెనక వ్యవహారం పూర్తిగా తిరగబడి ఉండేది. హాస్యం ఎక్కడ ఎట్లా పండాలని కూర్చుని చెక్కింది ఎక్కువగా లారెలే.

ఇప్పుడు అసలు పాఠం. ఇది ఎందుకు నవ్విస్తుంది? జారిపడితే నవ్వొస్తుంది అనేది జవాబు కాదు. మన బ్లాకు ముందు వాన పడినప్పుడు రోజూ ఎవరో ఒకరు జారుతుంటారు, రెండో రోజుకి ఎవరూ నవ్వరు. ఈ సినిమాలో పెట్టె మొదటిసారి జారినప్పుడు మనకి తెలియదు కాబట్టి నవ్వొస్తుంది. రెండోసారి తెలుసు. మూడోసారికి మనమే ఎదురు చూస్తుంటాం. దర్శకుడు తొందరపడడు. పెట్టె మెట్టు అంచున నిలబడుతుంది, వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఎవరో వస్తారు, మాటలు సాగుతాయి. మన కళ్లు మాత్రం పెట్టె మీదే ఉంటాయి. నవ్వు పడిపోవడంలో లేదు, పడిపోయే ముందు ఆగిన ఆ పది సెకన్లలో ఉంది. ఇప్పటి రీల్స్ చేసేవాళ్లు ఆ పది సెకన్లనే కత్తిరించేస్తారు.

ఇంకోటి, హార్డీ చూపు. దెబ్బ తగిలాక అతను అరవడు, నేరుగా కెమెరా వైపు చూస్తాడు. అంటే మన వైపు. ‘చూశారా, వీడితో నా బతుకు’ అన్నట్టు. అక్కడితో మనం ప్రేక్షకులం కాకుండా సాక్షులం అయిపోతాం. ఇక కొట్లాటలకి ఒక పద్ధతి ఉంటుంది. ఒకడు కొడుతుంటే రెండోవాడు ఆపడు, నిలబడి చూస్తాడు, అయిపోయాక తన వంతు తీసుకుంటాడు. టోకెన్ నంబరు పిలిచినట్టు.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. మెట్ల మీద మనకి పియానో కనిపించదు, చెక్కపెట్టె ఒక్కటే. కానీ ప్రతి జారుడుకి లోపల తీగలు గిణగిణమంటాయి. కనిపించని వస్తువుకి నొప్పి పుట్టించారు. సినిమాకి మాటలొచ్చి నాలుగైదేళ్లే అయిన కాలంలో, శబ్దాన్ని మాటల కోసం కాకుండా ఇట్లా వాడుకోవాలని తోచడం చిన్న విషయం కాదు.

మనం ఇంజినీరింగ్ వాళ్లం కాబట్టి లెక్క కూడా వేశాను. నిలువు పియానో, పెట్టెతో కలిపి 250 కిలోలు అనుకుందాం. మెట్టు ఎత్తు 17 సెంటీమీటర్లు అనుకుంటే 133 మెట్లకి 22 మీటర్ల పైచిలుకు, ఏడంతస్తుల మేడ. ఎంజీహెచ్ వేస్తే దాదాపు 55 కిలోజౌళ్లు. కేలరీల్లోకి మారిస్తే 13 కిలోకేలరీలు, ఒక చిన్న బిస్కెట్‌లో ఉన్నంత. అరగంట మనుషుల్ని చంపుకు తిన్న పని కాగితం మీద ఒక బిస్కెట్! తిరిగి కిందికి దించాక ఆ బిస్కెట్ కూడా లేదు, నెట్ వర్క్ జీరో. ఫిజిక్స్ సారు నడిగితే మీరేం పని చేయలేదు పొమ్మంటారు.

ఈ లెక్క నాకు బాగా నచ్చింది. పరిచయంలో దీంతోనే మొదలుపెడదాం అనుకున్నాను. ఆ వారం సెలవుకి హిందూపురం పోయి, ముందు నాయనకి చూపిద్దాం అనిపించింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా నాయన హిందూపురం మార్కెట్ యార్డులో హమాలీ. చింతపండు సీజన్లో చింతపండు, మిగతా రోజుల్లో మిరపకాయలు, ఏ లోడొస్తే అది. ఫస్టియర్‌లో ఫారం నింపేటప్పుడు తండ్రి వృత్తి అన్న చోట నేను ‘బిజినెస్’ అని రాశాను. తర్వాత ఎవరడిగినా ‘మార్కెట్లో’ అని ఆపేసేవాణ్ణి. మార్కెట్లో అంటే మండీ ఓనరు కూడా మార్కెట్లోనే కదా.

రాత్రి అన్నం తిన్నాక ఫోను గోడకి ఆనించి పెట్టాను. నాయన టవలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. మాటలు ఇంగ్లీషు, ఆయనకి రాదు, అవసరం కూడా పడలేదు. మొదట గుర్రం సీను వస్తుంది. హార్డీ వంగి పియానోని వీపు మీదికి తీసుకోబోతుంటే గుర్రం ముందుకి కదులుతుంది, పెట్టె పోయి హార్డీ మీద పడుతుంది. నేను నవ్వాను. నాయన నవ్వలేదు.

“వీళ్లు హమాలీలేనా?”

“అట్లాంటోళ్లే నాయనా.”

“మరి బండి చక్రానికి రాయి ఏంటికి పెట్టలేదు?”

నా దగ్గర జవాబు లేదు. సినిమా సాగుతోంది. పెట్టె జారినప్పుడల్లా ఆయన కుడిచెయ్యి కొంచెం ముందుకి వస్తోంది, పట్టుకోబోయినట్టు. మధ్యలో ఆపించి అడిగాడు. “కింద ఎవురు నిలబడాలో మాట్లాడుకున్నారా ల్యాదా? మెట్ల కాడ బరువంతా కిందోడి మీదే రా. పైనోడు ఊరికే దారి సూపిచ్చేవోడు.”

సగం సగం కదా పడేది అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపు హార్డీ కెమెరా వైపు చూసినట్టే ఉంది.

మరుసటి రోజు కాగితం మీద వేసి చూశాను. స్టాటిక్స్‌లో మనం సమతలం మీద రెండు ఆధారాలున్న బీమ్ లెక్కలు బోలెడు చేశాం, సగం సగం అక్కడి మాట. పెట్టె ఏటవాలుగా ఉన్నప్పుడు, దాన్ని అడుగు అంచుల్లో పట్టుకున్నప్పుడు, గరిమనాభి కిందివాడి వైపుకి జరుగుతుంది. పొడవు 1.6 మీటర్లు, ఎత్తు 1.4 మీటర్లు, వాలు 30 డిగ్రీలు పెట్టి మూమెంట్లు తీస్తే కిందివాడి మీద దాదాపు 75 శాతం, పైవాడి మీద 25 శాతం. 250 కిలోల్లో కిందివాడికి 187. మెట్లు ఇంకా నిటారుగా ఉంటే ఇంకా ఎక్కువ. పెట్టె ఎత్తు తక్కువగా ఉంటే కొంచెం నయం, అందుకే పెద్ద సామాను మెట్ల మీద పడుకోబెట్టి తీసుకుపోతారు. అయిదు సెమిస్టర్లు చదివిన నాకు ఈ విషయం ఆరో తరగతి ఆపేసిన మా నాయన చెప్తే తెలిసింది. నా బిస్కెట్ లెక్క తప్పు కాదు. కానీ అది పియానో సంగతి మాత్రమే చెప్తుంది, కింద నిలబడ్డవాడి సంగతి చెప్పదు. బరువుని కదలకుండా పట్టుకుని నిలబడితే ఫిజిక్స్ ప్రకారం పని సున్నా. నిలబడినవాడి నడుము అట్లా అనుకోదు.

సరే, పోస్ట్‌మేన్ సీను వచ్చింది. రోడ్డుంది కదా అన్నాడు. అక్కడ నాయన పగలబడి నవ్వాడు. కళ్లల్లో నీళ్లు తుడుచుకుని, అమ్మని కేకేశాడు. “ఇది పెనుకొండ బీరువా కతే!”

పెనుకొండ బీరువా కథ మా ఇంట్లో పండగలకి పదిసార్లు చెప్పుకునే కథ. నాయనకి ఒక జత ఉన్నాడు, ఇరవై ఏళ్లుగా కలిసి బరువులెత్తేవాడు. చుట్టరికం లేదు, నేను మామా అంటాను. మామ లావు, మా నాయన సన్నం. యార్డులో పేర్లతో ఎవరూ పిలవరు, లావోడు సన్నోడు అంతే. ఒకసారి ఎవరో పెనుకొండలో కొత్తింటికి ఇనుప బీరువా దించాలని ఇద్దర్నీ తీసుకుపోయారు. పెనుకొండ చూసినవాళ్లకి తెలుసు, ఒకప్పుడు విజయనగర రాజుల రెండో రాజధాని, ఊరు కొండని ఆనుకుని ఉంటుంది. కొండవారగా ఉన్న సందుల్లో ఒక ఇంటి కప్పు పక్కింటి అరుగుతో సమానంగా ఉంటుంది. ఈ ఇల్లూ అట్లాంటిదే. బయటి మెట్లు ఇరుకు. ఇద్దరూ బీరువాని పైదాకా ఎక్కించారు. తలుపు సరిపోలేదు. దించారు. మళ్లీ తాడేసి బాల్కనీ నుంచి లాగుదామని చూస్తుంటే పక్కింటి అవ్వ బయటికొచ్చి, వెనక సందులో నుంచి పోతే నేరుగా పైఅంతస్తు వాకిలే కదప్పా, పెద్ద తలుపు కూడా అటే ఉండాది, ఈ పక్క ఏంటికి సస్తాండారు అనింది. ఇంటివాళ్లు నిన్ననే తాళం తీసుకున్నవాళ్లు, వాళ్లకీ తెలియదు.

ఈ కథ నేను చిన్నప్పటినుంచి విన్నాను, ఎప్పుడూ అవ్వ మాట దగ్గర అయిపోతుంది. ఆ రాత్రి మాత్రం నాయన ఇంకొక్క వాక్యం చెప్పాడు. “దించేటప్పుడే మామ కాలు పాయ. నేను చెయ్యి మార్చుకుంటాంటే జారింది.”

మామ కొంచెం కుంటుతాడు. ఎడమకాలి రెండు వేళ్లు లేవు. స్కూటర్ మీద నుంచి పడ్డాడని ఎవరు చెప్పారో, నేనే అనుకున్నానో, ఇన్నాళ్లూ అదే నమ్మాను. నాయన ఆ మాట కూడా అదే నవ్వు మొహంతో చెప్పి, “గుర్రం కాన్నుంచి మళ్లీ పెట్టు” అన్నాడు.

అప్పటినుంచి ఈ సినిమాని నేను వేరేగా చూస్తున్నాను. హాస్యంలో ఒక ఒప్పందం ఉంది: దెబ్బ తగులుతుంది, గాయం కాదు. పియానో హార్డీ మీదుగా పోతుంది, తరువాతి షాట్‌లో అతను లేచి టోపీ దులుపుకుంటాడు. ఆ ఒప్పందం లేకపోతే ఇందులో ఒక్క సీను కూడా నవ్వలేం. నాయన చెప్పే బీరువా కథలో కూడా అదే ఒప్పందం ఉంది, మామ కాలు కత్తిరించి చెప్పేవాడు. ఇది అబద్ధమా? నాకు అట్లా అనిపించడం లేదు. మామ ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ కథ చెప్పేవాడు, మామే అందరికంటే ఎక్కువ నవ్వేవాడు.

తెలుగులో ఇట్లాంటి జంట ఎవరంటే అందరూ రేలంగి, రమణారెడ్డి అంటారు. నిజమే, ఆకారాలు సరిగ్గా అతికినట్టు ఉంటాయి, ఒకరు బొద్దు, ఒకరు పుల్ల. ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) రెండింట్లోనూ ఇద్దరూ ఉన్నారు. కానీ పోలిక అక్కడితో ఆపాలి. మనవాళ్లకి అరగంట సినిమా అంటూ విడిగా దక్కలేదు. మూడు గంటల కథలో వాళ్ల వంతు వచ్చినప్పుడు వచ్చి నవ్వించి పోవాలి. నవ్వు కూడా ఎక్కువ మాటలోనే, గొంతు విరుపులోనే. మాట తీసేసి రమణారెడ్డిని చూడండి, సగం పోతుంది. మాట తీసేసి లారెల్‌ని చూడండి, పెద్దగా ఏమీ పోదు.

ఇంతకీ మన జంటలు కథ మధ్యలో వచ్చిపోవడం ఎక్కడ నేర్చుకున్నారు? నా అనుమానం ధర్మవరం పక్కన తీరింది. ధర్మవరంలో మా మేనత్త ఉంది. వాళ్లది మగ్గం ఇల్లు. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ మీదుగా ధర్మవరం, ఒకటే లైను. అక్కడికి దగ్గరలోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాట అంటే మనకి రాముడు, రావణుడు, హనుమంతుడు గుర్తొస్తారు. కానీ ఊళ్లో జనం తెల్లవార్లూ మేలుకుని ఉండేది జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడి కోసం కూడా. రామాయణం పద్యాల్లో, పాటల్లో నడుస్తుంటే వీళ్లొచ్చి ఊరి భాషలో తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, పోతారు, మళ్లీ రామాయణం. ఒక తెల్ల గుడ్డ, వెనక దీపం, ముందు జనం, తెర మీద ఒకరినొకరు బాదుకునే జంట. సినిమా పుట్టకముందే మనకి కామెడీ ట్రాక్ ఉందన్నమాట! రేలంగి, రమణారెడ్డిలు లారెల్ హార్డీలకంటే పోలిగాడికే దగ్గర చుట్టాలని నా అభిప్రాయం. కాదనేవాళ్లు వచ్చే సంచికలో రాయండి.

మేనత్త ఇంట్లో ఇంకోటి కనిపించింది. మగ్గం మీద జకార్డ్ ఉంటుంది కదా, చీర అంచుకి, కొంగుకి డిజైన్ తీసేది. దానికి రంధ్రాలు కొట్టిన అట్టలు వరసగా కుట్టి వేలాడదీస్తారు. రంధ్రం ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పైకి లేస్తుంది, దాంతో పోగు లేస్తుంది. రంధ్రం లేని చోట పోగు కిందే ఉంటుంది. ప్లేయర్ పియానోలో కాగితం చుట్ట పని కూడా ఇదే. రంధ్రం వచ్చిన చోట గాలి లోపలికి పోతుంది, ఆ గాలి సుత్తిని కదిలిస్తుంది, స్వరం మోగుతుంది. ఒకటి పట్టు, ఒకటి పాట, రెండూ ఉందా లేదా అన్న ఒకే ప్రశ్నతో నడిచే యంత్రాలు. జకార్డ్ ఫ్రాన్స్‌లో 1800ల మొదట్లో వచ్చింది. ఆ అట్టల ఆలోచనే బాబేజ్ దగ్గరికి పోయింది. 1890 అమెరికా జనాభా లెక్కల్లో హోలరిత్ కూడా రంధ్రాల కార్డులే వాడాడు. మన ఫస్టియర్ పుస్తకంలో అర పేజీలో చదివి వదిలేసింది మా అత్త ఇంట్లో టకటకమంటోంది. ఆ జకార్డ్ మిద్దె మీదికి ఎట్లా ఎక్కించారత్తా అని అడిగాను. “నలుగురు మోసినారు, ఇద్దరు అరిసినారు” అంది. ఈ మధ్య నా ప్రశ్నలన్నీ ఇట్లాగే ఉంటున్నాయి.

సినిమా చివర్లో ఆ ప్లేయర్ పియానో నిజంగానే వాయిస్తుంది. ఇంట్లో సామానంతా ధ్వంసం చేసి, అంత కష్టపడి తెచ్చిన పియానో ముందు లారెల్, హార్డీ ఇద్దరూ చిన్నపిల్లల్లా డాన్స్ చేస్తారు. సినిమా మొత్తంలో వాళ్లు ఒకరికొకరు అడ్డురాకుండా కలిసి కదిలేది అప్పుడొక్కసారే. అంతలో ఇంటాయన వస్తాడు. మెట్ల మీద టోపీ పోగొట్టుకున్న పెద్దమనిషే ఆయన. ఆయనకి పియానో అంటే పడదు, గొడ్డలి తెచ్చి నరకడం మొదలుపెడతాడు. మధ్యలో పియానో అమెరికా జాతీయగీతం అందుకుంటుంది. అంతే, నరికేవాడు, ఆపేవాళ్లు, అందరూ నిటారుగా నిలబడతారు. ఆగగానే మళ్లీ గొడ్డలి. ఆ పాట అధికారికంగా జాతీయగీతం అయింది 1931లో, అంటే సినిమాకి ఏడాది ముందు. అప్పటి ప్రేక్షకులకి అది ఎంత తాజా జోకో!

సినిమా సాయంత్రం రోజు ప్రొజెక్టరు పదిహేను నిమిషాలు సతాయించింది, అది మామూలే. నేను లేచి ఆస్కారు, 133 మెట్లు, 55 కిలోజౌళ్లు చెప్పాను. బిస్కెట్ దగ్గర బాగా నవ్వారు. తరువాత 75 శాతం లెక్క బోర్డు మీద వేశాను. మెకానికల్ బ్యాచ్ నుంచి ఒకడు, “ఇది ఏ టెక్స్ట్‌బుక్‌లో ఉంది బ్రో?” అన్నాడు. “మా నాయన చెప్పాడు. హిందూపురం మార్కెట్లో హమాలీ” అన్నాను. ఒక క్షణం ఏమవుతుందో అనుకున్నా. ఏమీ కాలేదు. వాడు ఫోటో తీసుకుని, “పొడవు ఎక్కువైతే లోడు ఈక్వల్ అవుతుంది కదా” అన్నాడు. అవుతుంది. దాని మీద అయిదు నిమిషాలు వాదించుకున్నాం, వెనకనుంచి సినిమా వేయండ్రా అని అరిచేదాకా.

రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

“పోస్టుమేన్ కాడ నవ్వినారా?” అని మొదటి ప్రశ్న.

“ఆడే ఎక్కువ నవ్వినారు నాయనా.”

“వాళ్లకి కూలి ఎంతిచ్చినారో సినిమాలో చెప్పనే ల్యా. కిందికి దించిన కూలి కూడా రావల్ల కదా.” కాసేపాగి, “ఆ లింకు మామకి పంపు” అన్నాడు.

పంపాను. రెండు రోజులు ఏ జవాబూ లేదు. మూడో రోజు మామ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల లారీ హారన్లు, ఎవరివో కేకలు. “సూసినా రా. ఆ సన్నోడు అచ్చం మీ నాయనే. గుర్రాన్ని ముందుకి లాగేది ఎప్పుడూ వాడే.”